జగపతి గారికి ఫట్‌ఫటి నేర్పిన రోజులు

1949 ఫిబ్రవరి 7, జనగామ

దవాఖాన మోటారు సైకిలును, మా ఫట్‌ఫటిని, ఇవాళ తీసుకుపోయారు. కాగితం లేదు, సంతకం లేదు. ఇద్దరు జవాన్లు వచ్చి పోలీసు క్యాంపు దాకా తోసుకుంటూ పోయారు. ఎందుకు తోసుకుంటూ అంటే నడపడం ఒక్కడికీ రాదు. డాక్టరమ్మ తన దేశం వెళ్ళిపోయాక ఈ దవాఖానలో మిగిలింది కాంపౌండరు యోహాను అనే నేను, ఫట్‌ఫటి, అరడబ్బా క్వినైను. ఇప్పుడు నేనూ క్వినైనూ.

"పోనియ్ బిడ్డా, బండే కద" అంది అమ్మ. ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళు ఆ బండి మీద గత్తరకు, అదే కలరాకు, సూదులు వేస్తూ ఊరూరూ తిరిగాను. నా కాలికి తప్ప వేరే కాలికి స్టార్టయ్యేది కాదు.

ఫిబ్రవరి 8

అనుకున్నంతా అయింది. పొద్దున్నే క్యాంపుకు పిలిపించారు.

ఇన్‌స్పెక్టరు కొత్తగా వచ్చాడు. కృష్ణ అవతలి మనిషి. పేరు జగపతి రావు. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళుంటాయి. మీసం ఇంకా సరిగ్గా కుదరలేదు. "కాంపౌండరువి నువ్వేనా? నాకు బండి నేర్పాలి. రెండు వారాలు ఇక్కడ. ఆ తర్వాత మానుకోట మీదుగా భూపాలపల్లి దాకా నేనే నడుపుకుంటూ పోవాలి. దారి తెలుసుగా?" అన్నాడు.

"ఎరుకే సారు."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"అమ్మ, నేను. చెల్లె బెజవాడల నర్సు చదువుతున్నది."

ఆ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఈ పుస్తకంలో కూడా అదే రాద్దామనుకున్నాను, ఎవరైనా చదువుతారని భయం. కానీ దూది డబ్బాలో అడుగున దాచే పుస్తకంలో కూడా అబద్ధమాడితే ఇక రాయడం దేనికి? రూతమ్మ పోయిన దసరా ముందు డ్రెస్సింగ్ పెట్టె సంకన పెట్టుకుని కమ్యూనిస్టుల దళంతో అడవికి పోయింది. భూపాలపల్లి వైపు ఉందని విన్నాను. దొరికితే చంపేస్తారు. ఎవరి చెల్లెలో తెలిస్తే అమ్మను కూడా బతకనివ్వరు.

నేర్పుతానన్నాను. కాదంటే అనుమానం వస్తుంది కదా. అదొక్కటే కాదు. ఆ దారిన పోతే రూతమ్మ కనబడుతుందేమో అనిపించింది.

ఫిబ్రవరి 10

మొదటి పాఠం, రైలు కట్ట పక్కన మైదానంలో. కిక్కు కొట్టబోతే అది ఎదురు తన్నింది. జగపతి గారు పిక్క పట్టుకుని కూలబడ్డారు. జవాన్లు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు.

"క్లచ్చి మెల్లగ ఇడువాలె సారు. పాల మీది మీగడ తీసినట్టు" అన్నాను.

"ఇడువాలెనా? విడవాలి అనవయ్యా! మీ తెలుగేవిటో!"

ఆయన శుద్ధమైన తెలుగులో విడిచారు. బండి ఎగిరి ముళ్ళకంపలో పడింది.

ఫిబ్రవరి 11

మూడుసార్లు పడ్డారు. నాకు సంతోషమేసింది. రాయకూడదు గానీ వేసింది.

ఫిబ్రవరి 16

ఈయనకు రెండు జబ్బులు. ఒకటి, ముందు చక్రం వంకే చూస్తారు. "చక్రం దిక్కు చూడకుండ్రి సారు. ఎటు పోవాల్నో అటు దూరంగ చూడుండ్రి. గుంత దిక్కు చూస్తె గుంతల్నే పడ్తరు" అని గొంతు పోయేలా చెప్పాను. ఇవాళ సాయంత్రానికి తల ఎత్తారు. తల ఎత్తగానే బండి తిన్నగా పోయింది. చిన్నపిల్లాడిలా కేక పెట్టారు.

రెండోది హారన్. భయమేసినప్పుడల్లా ఆ రబ్బరు బుడ్డి పిసుకుతారు. మేక కనబడితే పోం. చెట్టు కనబడితే పోం. ఏమీ లేకపోతే లేదని పోం. నేనైతే ఈ మూడేళ్ళలో ఆ బుడ్డి మీద చెయ్యి వేసింది లేదు. ఎడ్లు బెదురుతాయి. అయినా ఇంజను మోత మైలు దూరం నుంచే వినబడుతుంది, పైన ఇంకో మోత ఎందుకు?

ఫిబ్రవరి 20, ఆదివారం

గుడికి పోనివ్వలేదు, పాఠం చెప్పమన్నారు. అమ్మ పోయి వచ్చింది. పాస్టరు గారు రూతమ్మ నర్సు పరీక్షల కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారట. అందరూ ఆమెన్ అన్నారట. అమ్మ కూడా.

ఫిబ్రవరి 23, ఘనపురం

బయలుదేరాం. జగపతి గారు నడుపుతున్నారు, వెనక నేను, మా వెనక వ్యానులో జవాన్లు.

చిల్పూరు గుట్ట కనబడగానే బండి ఆపి బుగులు వెంకటేశ్వర స్వామికి దణ్ణం పెట్టుకున్నారు. గుట్ట కింద మోదుగులు ఒక్క ఆకు లేకుండా పూశాయి. "అబ్బ! ఏం దారయ్యా ఇది! ఇలాంటి చోట ఉంటూ మీవాళ్ళకు ఈ తుపాకులెందుకయ్యా?" అన్నారు. నేను పెట్రోలు మూత బిగిస్తున్నట్టు వంగాను.

వాగు దగ్గర ఇసుక. ఇసుకలో బ్రేకు తొక్కితే పడతారని, చేతులు వదులుగా పెట్టి ఒకే వేగంతో దాటాలని చెప్పాను. సగం దూరం పోయాక తొక్కారు. ఇద్దరం పడ్డాం. నా మోచెయ్యి గీసుకుపోయింది. అయోడిన్ ముందు ఆయనకే రాశాను.

దారిలో ఏ ఊళ్ళోనూ మనిషి లేడు. పొయ్యిల్లో నిప్పు ఉంది, మనుషులు లేరు.

"ఊరంతా ఎక్కడికి పోయారయ్యా?"

"పనులకు పోయిండ్రు సారు."

"ముసలాళ్ళు కూడానా?"

ఇదివరకు ఇదే బండి మోత వింటే పిల్లల్ని చంకనేసుకుని ఎదురొచ్చేవాళ్ళు, మందు గోలీల కోసం.

ఫిబ్రవరి 26, కేసముద్రం

ధన్‌సింగ్ దొరికాడు!

స్టేషను దగ్గర వెదురు బండ్లు బారుగా నిలబడి ఉన్నాయి. భూపాలపల్లి అడవి నుంచి వెదురు తోలుకొచ్చి రైలుకెక్కించి, ఖాళీ బండ్లతో తిరిగిపోతారు. ధన్‌సింగ్ వాళ్ళ తండా ఆ అడవి అంచునే. రెండేళ్ళ కింద అతని భార్య ద్వాళి గత్తరతో పోవలసింది, నేనూ రూతమ్మా రెండు రోజులు కూర్చుని బతికించాం. రూతమ్మ కబుర్లు ఇన్నాళ్ళూ నాకు చేరింది ఇతని నోటి నుంచే.

జగపతి గారు స్టేషను మాస్టరు గదిలో చాయ తాగుతుంటే, నేను ఎద్దు గిట్ట చూస్తున్నట్టు అతని బండి పక్కన కూర్చున్నాను.

"నీ చెల్లె మంచిగనే ఉన్నది సాబ్. జర సన్నబడ్డది. జ్వరం వచ్చిపోతున్నది."

"క్వినైను ఇస్త, తీస్కపో."

"నా తోని కాదు సాబ్. పోలీసు నాకా కాడ బండి మొత్తం ఇప్పి జూస్తరు. గోలీలు దొరికితె నన్ను, ద్వాళిని ఇద్దర్నీ కాలుస్తరు. మాటైతె తీస్కపోత. మాటను ఎవడు జూస్తడు?"

అప్పటికప్పుడు తోచింది చెప్పాను. "గీ ఫట్‌ఫటి మీద ఇప్పుడు పోలీసాయన వస్తుండు. ఆయనకు నడుపుడు సరిగ రాదు, అడుగడుగుకు హారన్ కొడ్తడు. హారన్ మోగుకుంట వస్తె అడవి లోపటికి ఉరకమను. హారన్ లేకుంట ఒట్టి ఇంజను సప్పుడే వస్తె గది నేనే. అప్పుడు మీ తండా వాగు కాడికి రమ్మను. గోలీలు నేనే ఇస్త."

మళ్ళీ చెప్పమన్నాను. పొల్లు పోకుండా చెప్పాడు. "మోగితె పోలీసు, మోగకపోతె అన్న. గంతే కద సాబ్."

మనసు తేలికపడింది. ఐదు నెలల్లో మొదటిసారి కడుపునిండా తిన్నాను.

మార్చి 1, మానుకోట

ఇక్కడే ఆగాం. ఆయనకు క్యాంపులో పని. ప్లగ్గు విప్పి మసి గీకడం నేర్పాను. బండి స్టార్టు కాకపోతే తిట్టకూడదని, ముందు పెట్రోలు, తర్వాత ప్లగ్గు చూడాలని చెప్పాను. తిట్టారు. తర్వాత చూశారు.

మార్చి 2

పక్క గదిలో ఎవరినో కొడుతున్నారు. పొద్దుటి నుంచీ. అరుపులు ఆగాక నన్ను అయోడిన్ పట్టుకు రమ్మన్నారు. పోయాను. అయోడిన్‌తో అయ్యే పని కాదు.

మార్చి 5, నర్సంపేట

పాకాల చెరువు కట్ట మీద అరగంట కూర్చున్నాం. నీళ్ళ చుట్టూ అడవి, నీళ్ళ మీద గాలి. జగపతి గారు బూట్లు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టారు. వేసవిలో పెళ్ళట. "మా ఆవిణ్ణి వెనకాల కూర్చోబెట్టుకుని ఈ దారంతా చూపిస్తా. నువ్వు నేర్పావని చెప్తాలే" అన్నారు. చెడ్డవాడని రాయాలని ఉంది. రాయలేకపోతున్నాను.

దారి పొడుగునా హారన్ మోగిస్తూనే ఉన్నారు. మోగించినకొద్దీ నాకు ధైర్యంగా ఉంది. నెమలి కనబడినా పోం. "కొట్టుండ్రి సారు, అడవిల మలుపులున్నయి" అని నేనే అన్నాను ఒకసారి.

మార్చి 9, ములుగు దాటాక

ఇవాళ నాకు కోపం వచ్చింది. మామూలు కోపం కాదు.

ముందు ఒక ఎడ్లబండి పోతోంది. అందులో యాదమ్మ అనే ముసలమ్మ, ఆమె కొడుకు. కోడలి కాన్పుకు పోతున్నారు. పక్కకు తప్పుకోవడానికి బోలెడు జాగా ఉంది. ఈయన వెనక నుంచి పోం పోం పోం అని పట్టుకున్నారు. ఎడ్లు బెదిరి పొదల్లోకి లాక్కుపోయాయి. బండి ఒరిగింది, ముసలమ్మ కింద పడింది. ముంజేయి రెండు ముక్కలు. వెదురు బద్దలు కోసి, నా తువ్వాలు చింపి కట్టు కట్టాను. నొప్పికి అరవడానికి కూడా భయపడి, పోలీసు సారు వంక చూస్తూ కొంగు నోట్లో కుక్కుకుంది.

లేచి అనేశాను. జవాన్లు చూస్తున్నా ఆగలేదు.

"గా బుడ్డి పిసుకుడు బందు చెయ్యుండ్రి సారు! నడుపుడు రానోడే హారన్ మీద పడ్తడు. చెయ్యి బ్రేకు మీద పెట్టాలె, బుడ్డి మీద గాదు. ఇన్ని దినాలు నేర్పి ఏం ఫాయిదా? జనం నవ్వుతరు మిమ్మల్ని చూసి!"

కొడతాడనుకున్నాను. జగపతి గారి మొహం ఎర్రబడింది. "నిజవే. ఇక ముట్టను" అన్నారు. ముసలమ్మను వ్యానులో ఎక్కించి ఆమె ఊరి దాకా పంపించారు.

పోలీసు ఇన్‌స్పెక్టరు నోరు మూయించాను. అమ్మకు చెబితే నమ్మదు.

మార్చి 11, భూపాలపల్లి

చెప్పకుండా ఉండలేను. ఇవాళ జగపతి గారు అద్భుతంగా నడిపారు.

ఇరవై మైళ్ళ అడవి దారి. బండి చక్రాల గాడుల్లో ఒక గాడి పట్టుకుని కదలకుండా వచ్చారు. మలుపు ముందే వేగం తగ్గించారు, మలుపులో కాదు. దిగుడులో గేరు వదిలేసి జారలేదు. ఎదురుగా మంద వస్తే పక్కకు ఆపి ఇంజను తగ్గించి నిలబడ్డారు. హారన్ ఒక్కసారి కూడా ముట్టలేదు. ఒక్కసారి కూడా! వెనక కూర్చుని కళ్ళు మూసుకుంటే నేనే నడుపుతున్నట్టుంది. నా చేతి కింద నేర్చుకున్న మనిషి అని గర్వమేసింది.

ఇంకో మంచి మాట. ఎల్లుండి నన్ను ఒక్కణ్ణే బండి మీద తండాలకు పంపిస్తారట, క్వినైను పంచడానికి. "జనానికి మామీద కాస్త నమ్మకం రావాలయ్యా" అన్నారు. గోలీలు వేరే పొట్లం కట్టి పెట్టుకున్నాను. రూతమ్మను చూస్తాను. ఎల్లుండి.

మార్చి 12, పొద్దున

ముగ్గురు జవాన్లకు చలిజ్వరం. సూదులు మరగబెడుతున్నాను. జగపతి గారు బూట్లు తుడుచుకుంటూ వచ్చి "ఇవాళ నువ్వు లేకుండా పోతానయ్యా. తండా వాగు దాకా పోయి వచ్చేస్తా, పరీక్ష పాసయ్యానో లేదో చూద్దాం" అన్నారు. వెనక ఒక జవాను తుపాకితో ఎక్కాడు. మొదటి కిక్కుకే స్టార్టయింది.

చాలాసేపు మోత వినిపించింది. సాఫీగా, ఎక్కడా తడబడకుండా.

హారన్ మోగలేదు.

హారన్ మోగలేదు.

మార్చి 12, తర్వాత

పరిగెత్తాను. రెండు మైళ్ళు పోయి ఉంటాను. నాకా దగ్గర ఆపారు. సారు మందులు మరిచిపోయారన్నాను. సారు వచ్చాకే ఇవ్వమన్నారు. "హారన్ కొట్టమని చెప్పాలె, హారన్ కొట్టమని చెప్పాలె" అన్నానట. పిచ్చివాడనుకుని కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు.

అప్పుడు వినిపించింది. రెండుసార్లు. ఫట్‌ఫటి వెనక్కి కొట్టిన చప్పుడేమో. కార్బురేటరు సరిగ్గా లేకపోతే అలా కొడుతుంది. మొన్ననే శుభ్రం చేశాను గానీ కొడుతుంది అప్పుడప్పుడు.

మార్చి 12, సాయంత్రం

జగపతి గారు వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నారు. నీళ్ళడిగారు. తాగలేదు.

"విచిత్రవయ్యా. ఎక్కడికి పోయినా నా బండి మోతకు జనం పారిపోతారు గదా. వాగు దగ్గర ఇంజను ఆపానో లేదో, ఒక ఆడపిల్ల వెదురు పొదల్లోంచి నవ్వుతూ పరిగెత్తుకొచ్చింది. 'అన్నా!' అంది. నన్ను చూసి ఆగిపోయింది. నడుముకి పిస్తోలు. వెనకున్నవాడు కాల్చేశాడు. నేను వద్దనేలోపే. వద్దనేవాణ్ణో లేదో తెలీదులే." గ్లాసు కింద పెట్టి అడిగారు. "ఎవర్ని అన్నా అన్నదంటావు?"

తెల్వదు సారు అన్నాను.

మార్చి 13, ఆదివారం

పెద్ద అధికారి వచ్చాడు. బల్ల, పుస్తకం, కలం. "ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగినవాడివి. గుర్తుపట్టు" అన్నాడు.

జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. కాళ్ళు పగిలి ఉన్నాయి. బాగా సన్నబడింది, ధన్‌సింగ్ జర అన్నాడు గానీ జర కాదు. రొంటిన దొరికిన కాగితం నా చేతికిచ్చి చదవమన్నారు. క్వినైను. అయోడిన్. కుట్ల దారం. ఉప్పు. ఆ అక్షరాలు పలక మీద దిద్దించింది నేనే.

"మందుల పేర్లు సారు."

"మనిషి ఎవరు?"

"ఎరుక లేదు సారు."

"సరిగ్గా చూడు."

చూశాను. ఎరుక లేదన్నాను. గుర్తు తెలియని స్త్రీ అని రాసుకుని, కింద నా సంతకం తీసుకున్నారు. యోహాను, కాంపౌండరు, జనగామ.

అమ్మ కోసం అన్నాను. పేరు చెబితే సాయంత్రానికల్లా జనగామలో ఇల్లు తగలబెట్టి అమ్మను ఈడ్చుకొస్తారు. ధన్‌సింగునూ పట్టుకుంటారు. వాళ్ళ కోసమే అన్నాను. కానీ ఆ నిమిషంలో అమ్మ గుర్తుకు రాలేదు, ధన్‌సింగూ గుర్తుకు రాలేదు. మానుకోటలో పక్క గదిలోని అరుపులు గుర్తొచ్చాయి. భయమేసి అన్నాను.

వాగు ఒడ్డునే పూడ్చారు. పక్కన నిలబడి ప్రార్థన కూడా చేయలేకపోయాను. గుర్తు తెలియని మనిషికి నేనెందుకు ప్రార్థన చేయాలి?

మార్చి 14

తొమ్మిదో తారీకున హారన్ కొట్టవద్దని అరిచినప్పుడు కేసముద్రంలో చెప్పింది గుర్తుకు రాలేదా? రాలేదు. దేవుని తోడు, రాలేదు. ముసలమ్మ చెయ్యి విరిగింది, నాకు కోపం వచ్చింది, అంతే.

పదకొండో తారీకు పేజీ మళ్ళీ చదివాను. ఒక్కసారి కూడా అని రెండుసార్లు రాసుకున్నాను. అప్పుడు కూడా గుర్తుకు రాలేదు. ఇంత మంచి పంతులు ఎక్కడ దొరుకుతాడు?

మార్చి 15

అసలు ధన్‌సింగుతో రావద్దు అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఏ బండి వచ్చినా రావద్దు అని. క్వినైను కోసం అనుకున్నాను. క్వినైను ఒక సాకు. చూడాలనిపించింది. నా చెల్లెల్ని నాకు చూడాలనిపించింది.

మార్చి 17

ఏమీ లేదు.

మార్చి 20, జనగామ

వ్యానులో తెచ్చి దింపారు. జగపతి గారు అక్కడే ఉండిపోయారు. పోయేటప్పుడు చెయ్యి కలిపి "నీలాంటి మాస్టారు దొరకడయ్యా" అన్నారు. ఇక్కడి క్యాంపులో నా గురించి గొప్పగా రాసి పంపారట. రేపటి నుంచి ఇద్దరు జవాన్లకు ఇంకో బండి మీద నేర్పాలి. ఆరు గంటలకు. వస్తానన్నాను.

అమ్మ తలుపు వేసి వచ్చి కూర్చుంది. నేను మొహం కడుక్కునేదాకా కూడా ఆగలేకపోయింది.

"రూతమ్మ కనబడ్డదా బిడ్డా?"

"కనబడ్డది."

"నిజంగనా? ఎట్లున్నది?"

"జర సన్నబడ్డది."

"ఏమన్నది? మాట్లాడిందా?"

అబద్ధం ఏదీ తోచలేదు. "అన్నా అన్నది" అన్నాను.

"గంతేనా? ఇంకేం అనలేదా?"

"టైం లేకుండె అమ్మా."

అమ్మ ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని నా గడ్డం పట్టుకుంది. "పోనీ తీ. నువ్వన్న ఇన్నవు నా బిడ్డ గొంతు. నాకు గదే చాలు" అంది.

ఇన్న అమ్మా, అన్నాను.